అరగని పాలు

“పాలు తాగితే పిల్లికి రోగమొస్తదా? గిట్ల ఎవరన్న చెప్తరా మేడం?”

దెబోరా గొంతుకు కాగజ్‌నగర్ పశువుల దవాఖానలో మేకల్ని పట్టుకొచ్చినవాళ్ళంతా ఇటు తిరిగారు.

బల్ల మీద బిజిలి తోక కూడా కదపకుండా పడుకుని ఉంది. నిన్నటి నుంచి ఒకటే విరేచనాలు. దెబోరా కొత్త దుప్పటి బతికి బయటపడలేదు. పిల్లిని తెచ్చిన బుట్ట పట్టుకుని ఆమె భర్త ఏలియా పక్కన నిలబడ్డాడు. దెబోరా మాట్లాడుతుంటే మధ్యలో దూరే అలవాటు అతనికి లేదు.

“పిల్లికూనలు తల్లి పాలు తాగుతయమ్మా. పెద్దయినంక చానా పిల్లులకు పాలు అరగవు,” అంది డాక్టర్ ప్రమోదిని. “ఉప్పుకారం లేకుంట ఉడకబెట్టిన కోడి ముక్కలు పెట్టుర్రి. తాగనీకి నీళ్ళు పెట్టుర్రి. పాలు మాత్రం బంద్.”

“మా బర్రె పాలు మేడం! దుకాణంల పాకెట్ కావు. చుక్క నీళ్ళు కలుపను. గీయనకు పొద్దుగాల ఒక చెంబు, మాపటికి ఒక చెంబు నేనే దగ్గరుండి తాగిపిస్త. ఏమన్న అయ్యిందా?”

ఏలియా బుట్టలోకి చూశాడు. అందులో ఏమీ లేదు.

“ఎంత మంచి పాలైనా అరగని కడుపుకు కష్టమే కదమ్మా.”

“అరగనిది ఎట్ల తెలుస్తది మేడం?” అన్నాడు ఏలియా ఉన్నట్టుండి. దెబోరా చటుక్కున అతని వైపు తిరిగింది.

“పాలు తాగినంక కడుపు ఉబ్బుతదా?”

“డోలు లెక్క.”

“లోపల చప్పుడైతదా?”

“గుడగుడ, గుడగుడ. పక్కన కూసున్నోళ్ళకు గూడ ఇనవడ్తది.”

“నాకెన్నడు ఇనవడలే!” అంది దెబోరా.

“నీ టీవీ మోతల ఏమినవడ్తది?”

పెళ్ళయ్యాక అతను ఎదురు చెప్పడం ఇదే మొదలు.

డాక్టరమ్మ జాలిగా బిజిలి వీపు నిమిరింది. “మస్తు పరేషాన్ అయినట్టున్నది పాపం. మరీ ఎక్కువెప్పుడైంది?”

ఏలియా భార్య వైపు చూడకుండా, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

“మొన్న ఐతారం పాస్టరు ప్రార్థన చేస్తుంటే నడిమిట్ల లేసి, చెప్పులు గూడ ఏసుకోకుంట ఇంటికి ఉరికిన మేడం!”