లోపం లేదు

ఊరివాళ్లు నూట నలభై మంది వరసగా వచ్చి, ప్లేటుకి రొమ్ము ఆనించి, ఊపిరి బిగబట్టి వెళ్లిపోయారు. ఎక్స్‌రే బండిలో రామం ఒక్కడే మిగిలాడు.

ఉంగరంతో తలుపు మీద టకటకా కొట్టారెవరో.

జగ్గారావు. అంకులి ఊరు దాటాక గుట్టని పిండి కొడుతున్న రాళ్ల క్రషరు ఇతనిదే. ఈ ఉచిత వైద్య శిబిరమూ ఇతనిదే.

"ఏటోయ్ రామం, నాదీ ఒకటి తీసీ," అన్నాడు. మాట పూర్తి కాకుండానే దగ్గు తెర వచ్చి వంగిపోయాడు.

"బరంపురంలో పెద్దాసుపత్రి ఉంది కద బాబూ?"

"అక్కడికెల్తే పేపరోడి కంట్లో పడనేటి? క్రషరు జగ్గారావుకి దుమ్ము రోగం అని రాసీసినాడంటే నా లైసెన్సు గోవిందా!"

లైసెన్సు. ఏటా ఈ శిబిరం ఎందుకో రామానికి తెలుసు. క్రషరు దుమ్ముకి ఊపిరాడడం లేదని ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. అధికారులు రుజువు తెమ్మన్నారు. తెచ్చింది జగ్గారావు. జీతమిచ్చి ఓ డాక్టరుని పెట్టాడు. బరంపురంలో రబ్బరు స్టాంపు చెక్కించాడు: 'ఊపిరితిత్తులలో లోపం లేదు.' ఊరివాళ్ల ఫిల్ముల కట్టలో ఒక్కదాన్నీ ఆ డాక్టరు వెలుతురుకి ఎత్తి చూసిన పాపాన పోలేదు. నంబర్లు వేసిన కాగితాల మీద కాఫీ చల్లారేలోగా స్టాంపులు గుద్దేసి లేచిపోతాడు. పేర్లు రాసి పంచేది రామం.

గుట్ట కిందే బడి. రామం అక్క నాగేశ్వరి ఆ బడిలో ఆరేళ్లు పంతులమ్మ. పొద్దున్న తుడిచిన నల్లబల్ల మధ్యాహ్నానికి తెల్లబడేది. సుద్ద కాదు, రాతిపిండి. కిందటేడు శిబిరంలో అక్క ఫిల్ము తనే తీశాడు రామం. కడిగిన తడి ఆరకుండానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, మా అక్కది. ఒక్కసారి ఎత్తి చూడండి సార్."

"నీ పని తియ్యడం. చూడ్డం నా పని," అని డాక్టరు స్టాంపు గుద్దాడు.

అక్క ఆ కాగితాన్ని నమ్మింది. తమ్ముడి మాట కొట్టిపారేసి మళ్లీ బడికెళ్లింది. ఆ కాగితం వచ్చిన ఎనిమిదో నెలలో, బరంపురం గోసాని నువాగాం పేటలోని ఇంట్లో, పడుకుంటే ఊపిరాడక గోడకి చేరబడి కూర్చునే పోయింది. ఆ కాగితం ఇవాళ కూడా రామం చొక్కా జేబులో ఉంది. ఈ మనిషి తన చేతికి చిక్కాలనే, వేరే పని దొరికినా మానుకుని, మళ్లీ ఈ బండెక్కాడు.

చిక్కాడు.

"గట్టిగా పీల్చండి బాబూ. ఆ... ఆపండి. ఇంకాస్త ఆపండి."

జగ్గారావు కళ్లు తేలేశాక గాని మీట నొక్కలేదు.

"సంపీసినావురా నాయనా!" అంటూ చొక్కా తొడుక్కున్నాడు. "నాది ఏరే కవరులో ఎట్టి డాక్టరుకియ్యి. సక్కగా సూడమన్నానని సెప్పు. ఇశాకపట్నం పెద్ద డాక్టరు కాడికి ఎల్లాలా, అక్కర్నేదా తేల్చమను. ఎందుకైనా మంచిదని రైలు టికెట్టు తీసుంచినాను."

"ఆజ్ఞా," అన్నాడు రామం. ఒడియా అధికారులకి జగ్గారావు అనే మాటే అది.

చీకటిగదిలో ఎర్రబల్బు కింద ఫిల్ము కడిగాడు. తీగకి తగిలించి, తడి ఆరేదాకా దాని ఎదురుగా కూర్చున్నాడు.

మూడోరోజు క్రషరు ఆఫీసులో జగ్గారావు తన కాగితం చదువుకున్నాడు. మళ్లీ చదువుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"లోపం నేదు! సూసినావా? బండరాయిలాంటోణ్ని. ఉత్తుత్తి దగ్గుకే మా ఇంటిది ఏడిసి సచ్చింది." రైలు టికెట్టు నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. రెండో మిషను వచ్చే వారమే దించమని గుమస్తాని కేకేశాడు. అంతలో ఏదో అనుమానం. "అవునోయ్, డాక్టరు సక్కగానే సూసినాడా?"

"నా పని తియ్యడమే బాబూ. చూడ్డం ఆయన పని."

జగ్గారావు పకపకా నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి, లడ్డూల పొట్లం రామం చేతిలో పెట్టాడు.

గేటు బయట తవిటమ్మ కాపేసి ఉంది. బడి ఊడ్చే మనిషి. నాగేశ్వరికి ఆఖరి రోజుల్లో వీపు నిమిరింది ఆవిడే.

"తూ!" అని ఊసింది. "మీ అక్క పాడె మోసిన సేతులేనా ఇయ్యి? ఆడికి రోగం నేదని కాయితం అట్టుకొచ్చినావట, మిఠాయి కూడా తెచ్చుకుంటన్నావు. సిగ్గు నేదేటి బాబూ? నిక్షేపంగా నూరేళ్లు బతుకుతాడు కామోసు ఆ సచ్చినోడు!"

రామం పొట్లం విప్పి ఓ లడ్డూ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"తిను తవిటమ్మా. మంచి కబురే."

కుడి ఊపిరితిత్తిలో నిమ్మకాయంత మచ్చ ఉన్న జగ్గారావు ఫిల్ము డాక్టరు దగ్గరికి వేరే కవరులో వెళ్లలేదు, ఊరివాళ్ల కట్టలో నూట నలభై ఒకటోదిగా వెళ్లింది.