పచ్చచుక్క

సిరిసిల్లల మధుకర్‌ది ఇంట్ల కూసోని చేసే కంప్యూటర్ నౌకరి, రాత్రి డ్యూటీ. అయిదు నిమిషాలు మౌస్ కదలకుంటే స్క్రీన్ మీది పచ్చచుక్క పసుపయితది, పనిల లేడని ఆఫీసోళ్లకు తెలుస్తది. అందుకే గోడకు ఒక చెక్క బిగించి, దాని మీద మౌస్ పెట్టిండు. గోడవతల పక్కింటి ముత్యం కాకది బట్ట నేసే సాంచె. అది నడిచినంతసేపు గోడ అదురుతది, మౌస్ అదురుతది, మధుకర్ నిమ్మళంగ పంటడు.

కాకకు గీ సంగతి తెల్వది. "రాత్రంత ఒక్కన్నే సాంచె నడుపుత. నువ్వు మేల్కొని ఉంటవు గదా కొడుకా, గదే ధైర్యం. ఏమన్నయితే గోడ మీద మూడుసార్లు కొడ్త" అన్నడు మొన్ననే.

ఆ రాత్రి సప్పుడు లేకపోవుడే మధుకర్‌ను లేపింది. సాంచె ఆగింది. ఎప్పుడాగిందో తెల్వది. నౌకరి పోయిందనుకొని లాప్‌టాప్ కాడికి ఉరికిండు. చుక్క పచ్చగనే ఉంది. బతికిన అనుకున్నడు.

అప్పుడు స్క్రీన్ మీద బాణం గుర్తు మూడుసార్లు ఎగిరి ఆగింది. కొంచెంసేపటికి మళ్ల మూడుసార్లు.

గోడకు చెవి ఆనిచ్చిండు. ఏ సప్పుడూ లేదు.

"కాకా! ముత్యం కాకా!"



బాణం ఒకసారి ఎగిరింది. ఇంకోసారి ఎగిరింది.

మధుకర్ ఊపిరి బిగవట్టి మూడోదాని కోసం చూసిండు. అది రాలేదు.

పచ్చచుక్క మాత్రం, మధుకర్ మేల్కొనే ఉన్నడని ఆఫీసుకు చెప్తనే ఉంది.