ఆకుపచ్చ గేటు దాకా

ఆ రోజుల్లో ముంజేతికి మాట్లాడే పట్టీ లేని మనిషి కాకినాడలో కనిపించేవాడు కాదు. గుండె చప్పుడు విని, ఎవరి ఒంటికి ఏ వ్యాయామం సరిపడుతుందో అదే చెప్పేది. హైమావతిని మాత్రం సోఫాలోంచి లేపడం దాని వల్ల కాలేదు. నడవమన్నా, మెట్లెక్కమన్నా ఆవిడ విసుక్కుని అటు తిరిగి పడుకునేది.

ఒక సాయంత్రం పట్టీ గొంతు తగ్గించి అడిగింది. "మీవారు రోజూ ఎటు నడుస్తారో ఎప్పుడైనా చూశారా?"

హైమావతి లేచి చెప్పులేసుకుంది.

భర్త కామేశం నాలుగు వీధులు దాటి, ఒక ఆకుపచ్చ గేటు ముందు ఆగాడు. అటూ ఇటూ చూసి మళ్ళీ నడిచాడు. ఆవిడ గుండె గుభేలుమంది. మర్నాడూ అదే గేటు, అవే చూపులు. అతను రోజురోజుకీ నడక పెంచాడు. ఆవిడా కొంగు దోపుకుని వెనకాలే ఉరికింది.

వారం తిరిగాక ఇక ఉండబట్టలేక గేటు దగ్గరే పట్టుకుంది.

"ఎవత్తుందండీ ఈ ఇంట్లో?"

కామేశం తెల్లబోయాడు. "నాకేం తెలుసే! పట్టీ ఇక్కడ ఆగమంటాది, ఆగుతాను. అటూ ఇటూ చూడమంటాది, చూస్తాను. మెడకి మంచిదంట."

గేటుకి తుప్పుపట్టిన తాళం వేలాడుతోంది. లోపల నడుమెత్తు గడ్డి.

ఆవిడ పట్టీ సంబరంగా మోగింది. "శభాష్! మీ గుండెకి సరిపడే వ్యాయామం దొరికింది."

హైమావతి దాన్ని ఊడబెరికి, ఇంటికెళ్ళి బియ్యం డబ్బాలో పడేసింది.

మర్నాడు సాయంత్రం కామేశం గుమ్మం దిగి, ఎప్పుడూ వెళ్ళే కుడివైపు కాకుండా ఎడమకి తిరిగాడు.

పట్టీ డబ్బాలోనే ఉంది. హైమావతి చెప్పులేసుకుంది.