పెద్దాయన పళ్ల సెట్టు

“నోట్లో ఒక్క పన్ను లేదు. కావాలంటే చూడు!”

గడప దాటీ దాటకముందే నోరు తెరిచి చూపించాడు పెద్దాయన.

మేస్త్రికి ఒళ్లు మండింది. కట్టుడు పళ్లు చేస్తాడు కాబట్టి వీధంతా అతన్ని పళ్ల మేస్త్రి అంటుంది. మామూలు రోజైతే ఎవరు నోరు తెరిచినా ముందు నవ్వుతాడు. ఇవాళ మాత్రం బల్ల మీద, ప్లాస్టర్ అచ్చుల మధ్య, వీసా ఆఫీసు ఉత్తరం పడి ఉంది.

‘మీరు తిరిగి వస్తారన్న నమ్మకం మాకు కలగలేదు.’

ఇలా రావడం ఇది రెండోసారి.

“ఇంకో షాపు చూసుకోండి. నేను ప్రయాణం మీదున్నాను.”

“ఎక్కడికి?”

“పరాయి దేశం. మా అక్క దగ్గరికి.”

“వీసా వచ్చిందా?”

“రెండుసార్లు కాదన్నారు. మళ్లీ పెడుతున్నా.”

“పెళ్లాం పిల్లలు?”

“లేరు.”

“సొంతిల్లు?”

“అద్దె.”

“మరి నువ్వు తిరిగొస్తావని ఎలా నమ్ముతారయ్యా?”

పుండు మీద కారం చల్లినట్టయింది మేస్త్రికి.

“మీకేం, ఎన్నైనా అంటారు! అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. ఇప్పుడు దానికి చూపు పోతోంది. వైద్యం లేదన్నారు, ఏడాది తిరిగేలోపు పూర్తిగా పోతుందట. ఫోన్లో నీ మొహం మసగ్గా ఉంది, ఒక్కసారి దగ్గరికొచ్చి చూపించి పోరా అంటోంది. అక్కడే ఉండిపోయి నేనేం చేస్తాను? ఈ బల్లా, ఈ అచ్చులూ తప్ప నాకింకేం తెలుసు?”

పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అచ్చు తియ్యి.”

ఇదెక్కడి మొండిఘటం అనుకుంటూనే మేస్త్రి అచ్చు తీశాడు.

“ఎప్పుడిస్తావు?”

“అక్కను చూసొచ్చాక.”

“అలా కుదరదు. తారీఖు రాయి.”

ఆర్డరు కార్డు మీద తారీఖు రాయించుకునేదాకా పెద్దాయన లేవలేదు.

“నాలా ఎదురుచూసే నోళ్లు ఎన్ని?”

“ఇరవై మూడు.”

“ఆ కార్డులన్నీ దరఖాస్తుకి జత చెయ్యి. కాదన్న రెండు ఉత్తరాలూ పైనే పెట్టు. దాచావో, మొదటికే మోసం.”

“పళ్ల కార్డులు పెడితే నవ్విపోతారండీ!”

“నవ్వనీ.”

ఓ తెల్లకాగితం అడిగి తీసుకుని, నిదానంగా నాలుగు ముక్కలు రాశాడు. ‘ఈ మేస్త్రి కోసం నేను ఎదురుచూస్తూ ఉంటాను. పంపండి. వస్తాడు.’

కింద చిరునామా రాశాడు.

“ఇంక వెళ్తారా? నాకు పనుంది” అన్నాడు మేస్త్రి విసుగ్గా.

పెద్దాయన వెళ్లాడు.

మొదటి రెండుసార్లూ మనిషి మొహం చూడకుండా కాగితాలు చూసి కాదన్నారు. ఈసారి ఇంటర్వ్యూకి పిలిచారు. కిటికీ వెనక కూర్చున్న ఆఫీసరమ్మ కార్డులు ఒక్కొక్కటే తిప్పింది. పెద్దాయన రాసిన కాగితం దగ్గర ఆగిపోయింది.

“ఈ పెద్దాయన మరి ఇప్పుడేం తింటున్నారు?”

“ఏవో మెత్తనివేనండీ. నమిలే పని లేనివి.”

ఆఫీసరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

“ఈ ఇరవై నలుగురికీ పళ్లెవరు కడతారు?”

“నేనేనండీ. అచ్చులు నా దగ్గరే ఉన్నాయి.”

వారం తిరక్కుండా పాస్‌పోర్టులో వీసా అంటించి పంపారు. మేస్త్రి షాపు మెట్ల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చాక గుండెల మీంచి బండ దిగినట్టయింది.

అక్క అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

“ముసలాడివైపోయావు కదరా!” అని నవ్వింది.

ఉన్న పదిహేను రోజులూ కళ్లనిండా చూసుకుంది. బయల్దేరేటప్పుడు ఇద్దరిలో ఎవరికీ కన్నీళ్లు రాలేదు.

తిరిగొచ్చిన మర్నాడే షాపు తెరిచాడు మేస్త్రి. అందరికన్నా ముందు పెద్దాయన సెట్టే చేశాడు. చెప్పిన తారీఖుకి ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ రోజు అంత విసురుగా పంపేశానే అని మనసు పీకింది. పళ్ల సెట్టున్న డబ్బా జేబులో పెట్టుకుని చిరునామా వెతుక్కుంటూ వెళ్లాడు.

కోడలు తలుపు తీసింది.

“మావయ్యగారు పోయి అయిదు రోజులైందండీ. నిద్రలోనే వెళ్లిపోయారు.”

మేస్త్రి డబ్బా తెరిచి చూపించాడు.

“పళ్లా? ఆయనకి మంచి సెట్టే ఉందే!” అంటూనే లోపలికి రమ్మంది. “ఆ పళ్ల మేస్త్రి మీరేనా అన్నయ్యా?”

గదిలో కొత్త కోటు వేలాడుతోంది. దాని పక్కన ఇంకా ఎవరూ కూర్చోని చెక్క కుర్చీ, తొడగని బూట్లు.

“కోటు దర్జీ ఆవిడ తెచ్చింది. కుర్చీ వడ్రంగి. అందరూ మీలాగే ఆ దేశం వెళ్లి, తిరిగొచ్చి ఇచ్చినవాళ్లే. ఎవరు తెచ్చిచ్చినా పొంగిపోయేవారు. మీ షాపు తెరిచారేమో చూసి రమ్మని రోజూ నా ప్రాణం తీశారు. తెరిచే ఉంది మావయ్యా అని చెప్పాను. ఆ రాత్రి హాయిగా నవ్వుతూ పడుకున్నారు.”

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. పోనీలే, తను వచ్చినట్టు తెలిసే వెళ్లాడు.

“ఇంతకీ ఆయనెవరమ్మా?”

“ముప్పై ఏళ్లు ఆ దేశం వీసా ఆఫీసులోనే చేశారన్నయ్యా. రిటైరయ్యాక, తను కాదన్నవాళ్లని గుర్తున్నంతవరకూ వెతుక్కుంటూ వెళ్లేవారు. మీ మొదటి దరఖాస్తు కాదన్నది మావయ్యగారే.”