ముప్పై రెండు సరైన జవాబులు

రేణు ఆంటీ మెట్లు దిగి వచ్చి, జవాబు పత్రాల కట్టను త్రివేణి ముందు పడేసింది.

"ఈసారైనా మార్కులొస్తాయా? పోయిన వారం సగం మంది ఫెయిల్. ఇట్లయితే చైనా వాళ్లు క్లాస్ క్యాన్సిల్ చేస్తారు."

"వస్తాయి ఆంటీ. పేపర్ ఈజీగానే ఇచ్చాను."

"ఏం ఇచ్చావో ఏమో, నువ్వే చూసుకో. చదివే ఓపికుంటే నీకెందుకు అప్పగిస్తాను?"

ఆంటీ అమెరికాలో, ట్రాయ్ ఊళ్లోని ఈ ఇంట్లో కూర్చునే, చైనాలో హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతుంది. కెమెరా ముందు కనిపించేది ఆంటీ. పిల్లలు విని రాసే పేపరు, చదివి రాసే పేపరు తయారుచేసేది, దిద్దేది త్రివేణి. పదో తరగతిలో మండలానికి ఫస్ట్ వచ్చిన పిల్ల మరి. కింది గదిలో పాత కంప్యూటర్‌కి నెట్ లేదు. పేపరు పెన్‌డ్రైవ్‌లో పైకి వెళుతుంది, ఆంటీ తెరిచి చూడకుండానే పిల్లలకు పంపేస్తుంది. జవాబులు ప్రింటై కిందికి వస్తాయి.

ఈ వారం పాసేజ్ లిల్లీ అనే పదిహేడేళ్ల అమ్మాయి గురించి. దాని కోసం త్రివేణి నెల రోజులు తంటాలు పడింది. కష్టమైన మాటలన్నీ ఏరి పారేసింది. పిల్లలకు అర్థం కావాలి. ముప్పై రెండు మందిలో ఒక్కరికైనా చాలు.

ఎర్ర పెన్ను తీసింది.

ముందు విని రాసినవి. 'లిల్లీ ఉండే ఇంటి నంబరు, వీధి, ఊరు రాయండి.' అంకెల దగ్గరే పిల్లలు తడబడతారు. అందుకే అక్కడ కంప్యూటర్ గొంతు వేగం తగ్గించి, రెండుసార్లు చెప్పించింది.

మొదటి పత్రంలో సరిగ్గా ఉంది. రెండో దాంట్లోనూ ఉంది. చివరిదాకా ఒక్క అంకె తప్పు పోలేదు.

తర్వాత చదివి రాసినవి. లిల్లీ బడికి ఎందుకు వెళ్లదు? ఆ ఇంట్లో చాకిరీ అంతా ఆమెదే కనుక. ఇంటికి ఎందుకు ఫోన్ చేయదు? ఫోన్ ఇవ్వరు కనుక. ఆమెకు ఇప్పుడు కావలసింది ఏమిటి? ఎ, కొత్త బట్టలు. బి, మంచి డాక్టరు. సి, ఎవరైనా పోలీసులకు చెప్పడం.

అందరూ సి పెట్టారు.

అర్థమైంది. అందరికీ అర్థమైంది!

ఇంకేమైనా రాశారేమోనని ప్రతి పత్రం అడుగు దాకా వెతికింది. ఏమీ లేదు. జవాబు పాసేజ్‌లోనే ఉంటుంది, బయటి సంగతులు ఆలోచించొద్దని ఆంటీ మొదటి క్లాసులోనే నేర్పింది. పిల్లలు బుద్ధిమంతులు.

పందొమ్మిదో పత్రం కింద మాత్రం మెంగ్ యావో అనే అమ్మాయి చిన్న అక్షరాలతో రాసింది.

'టీచర్, లిల్లీ గురించి చదువుతుంటే ఏడుపొచ్చింది. కానీ పరీక్షలో ఇలాంటి కథలు తక్కువ వస్తాయి. వచ్చే వారం సైన్స్ పాసేజ్ ఇస్తారా?'

త్రివేణి ఆ మాటలను మూడుసార్లు చదివింది. తర్వాత మెంగ్ యావోకి కూడా ఇరవైకి ఇరవై వేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏమైందే? ఎంతమంది పాస్?"

"అందరూ ఆంటీ. అందరికీ ఫుల్ మార్కులు."

"అబ్బో! మరి ఇన్నాళ్లూ ఏ గడ్డి పెట్టావు ఆ పిల్లలకి? ఇకనుంచి ఇట్లాంటివే రాయి."

"సైన్స్ పాసేజ్ అడుగుతున్నారు."

"రాసెయ్. సూర్యుడు, గ్రహాలు, ఏదో ఒకటి."

ఆంటీ మార్కుల జాబితా తీసుకుని మెట్లెక్కింది, పైన తలుపు మూసి, రెండేళ్లుగా రోజూ చేస్తున్నట్టే, లిల్లీని లోపలే ఉంచి బయట నుంచి తాళం వేసింది.