హోసి చావు రిహార్సళ్లు

ఢామ్!

గెజాని రెండు చెక్కలు బలంగా కొట్టాడు. హోసి పడలేదు. ఒక చెవి ఆడించి, బీట్‌రూట్ బుట్టకేసి చూసింది.

"పడరా నాయనా! ఎల్లుండి అతిథి వస్తున్నాడు. నువ్వు చావకపోతే మేమంతా చస్తాం."

హోసి కుడు జాతి మగ జింక. గుర్రమంత ఎత్తు, మెలితిరిగిన కొమ్ములు. హెస్టర్ దొరసాని వేట శిబిరంలో మిగిలిన ఒకే ఒక్క జంతువు అది. రెండేళ్లుగా వానల్లేవు. ఏనుగులు కంచె తొక్కేస్తే, మిగతావన్నీ నీళ్లున్న పక్క ఎస్టేటుకి వెళ్లిపోయాయి. హోసి మాత్రం కదల్లేదు. అక్కడ జంతువుల జాడలు తీసే గెజాని సీసాపాలు పట్టి పెంచిన బిడ్డాయె, దానికి అడవంటే భయం.

అతిథి డబ్బు కట్టిన ఈ ఒక్క వేటా తప్పితే శిబిరానికి తాళమే. అలాగని హోసిని చంపించడానికి గెజానికి ప్రాణం ఒప్పలేదు. ఏడుస్తూ కూర్చున్నవాడికి హఠాత్తుగా ఈ ఆలోచన తట్టింది. అది విని దొరసాని, "సరే, కానీ" అంది.

తుపాకీ శిబిరానిదే, తూటాలూ శిబిరానివే. గెజాని తూటాల్లోంచి సీసం పీకేసి, కొవ్వొత్తి మైనంతో ముక్కులు చేసి, రాగిరంగు పూశాడు. మోత మోగుతుంది, దెబ్బ మాత్రం తగలదు. ఎండకి ముక్కులు కారిపోతాయని వాటిని ఫ్రిజ్‌లో పెట్టించాడు.

"వెన్న పక్కన తూటాలేంటయ్యా?" అని వంట చేసే అతని భార్య న్యెలెతి తిట్టిపోసింది. "ఏ పూటో రొట్టెకి రాసేస్తాను."

అతిథి పేల్చాలి, హోసి పడాలి, ఫోటో దిగాలి. మొదటి వేట చేసినవాడి నుదుట నెత్తురు పూయడం అక్కడి ఆనవాయితీ. బీట్‌రూట్ రసం ఉండనే ఉంది. కొమ్ములంటారా, ఉడకబెట్టి, మందుల్లో ముంచి, ముద్రలన్నీ వేయించుకుని ఓడెక్కి ఇల్లు చేరేసరికి ఎవరికైనా ఏడాది పడుతుంది. ఆలోగా దొరసాని చనిపోయిన భర్త దాచుకున్న పాత జత ఒకటి పంపేస్తే సరి.

ఢామ్! ఈసారి హోసి ముందుకాళ్లు మడిచి, దబ్బున పక్కకి ఒరిగింది.

"నా తండ్రే!" అని గెజాని బుట్టంతా దాని ముందు గుమ్మరించాడు.

అతిథి పేరు ఓట్‌మార్. ఆస్ట్రియా నుంచి వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో ఉన్నాడు. వాళ్ల మామగారి గోడ మీద నలభై మూడు జతల కొమ్ములున్నాయట. అల్లుడివి ఒక్కటీ లేవని, పెళ్లి కానుకగా ఆయనే టికెట్టు కొని బలవంతాన పంపించాడట.

"తుపాకీ మీదే వాడతాను. తూటాలు మాత్రం నావే," అన్నాడు ఓట్‌మార్. తడి తువ్వాలు చుట్టిన పెట్టెను గుండెలకు హత్తుకుని ఉన్నాడు.

గెజాని ఏర్పాటంతా తలకిందులైంది. నలభై ఏళ్లుగా జాడలు తీస్తున్నాడు, తూటాలకి తడిగుడ్డ చుట్టేవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. "వీడెవడో మహా ముదురు," అని భార్య చెవిలో అన్నాడు.

ఆ సాయంత్రం గురి చూసుకోవడానికి అట్టబోర్డు పెట్టారు. ఓట్‌మార్ మూడుసార్లు పేల్చాడు. బోర్డుకి ఒక్క చిల్లూ పడలేదు.

"గాలి ఎక్కువగా ఉంది," అంది దొరసాని మర్యాదగా. ఆకు కూడా కదలడం లేదు.

"మంచిదేగా, గురి లేదు!" అంది న్యెలెతి.

"పిచ్చిదానా, అలాంటివాడే ప్రమాదం. వీడు హోసిని కొడతాడో, నన్ను కొడతాడో!"

అతిథి స్నానానికి వెళ్లగానే గెజాని ఆ గుడారంలో దూరాడు. అతని తూటాలన్నీ పొగాకు డబ్బాలో పోసి, వాటి స్థానంలో తనవి పేర్చాడు. రంగూ రూపూ అచ్చం ఒకటే. తన పనితనానికి తనే మురిసిపోయాడు. ఈలోపు చెప్పుల చప్పుడైంది. బయటపడి డబ్బాను వంటింటి రేకుల మీదకి విసిరేశాడు.

తెల్లవారాక చెదలపుట్ట దగ్గర హోసి చెప్పినచోటే నిలబడింది. ఓట్‌మార్ తుపాకీ ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఢామ్!

హోసి ఏ రిహార్సల్లోనూ పడనంత అందంగా పడింది. కాళ్లు బారజాపి, నాలుక కూడా బయటపెట్టింది. ఓట్‌మార్ చేతిలోంచి తుపాకీ జారిపోయింది.

"చ... చచ్చిపోయిందా?"

"ఒక్క దెబ్బకే సార్!"

"చప్పుడుకే గుండె ఆగిపోయి ఉంటుందా?"

"అదేం మాట సార్! అంతా మీ గురి!"

ఓట్‌మార్ కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆనందంతో ఏడ్చే అతిథులు గెజానికి కొత్తకాదు. భుజం తట్టి, నుదుట బీట్‌రూట్ రసం పూశాడు. ఫోటో తీస్తుండగా హోసి చెవి మీద ఈగ వాలింది. చెవి కదిలింది. కళ్లనిండా నీళ్లున్న అతిథికి అది కనపడలేదు.

మధ్యాహ్నం విందులో మేక కాలేయాన్ని ఆ జింకదేనని చెప్పి వడ్డించారు. ఓట్‌మార్ దాన్ని ముట్టుకోలేదు. ఉట్టి మొక్కజొన్న సంకటి రెండు ముద్దలు తిని, ఆ పూటే బయల్దేరాడు. బండెక్కుతూ అడిగాడు, "దానికి పేరేమైనా ఉందా?"

"అడవి జంతువుకి పేరేంటి సార్!"

బండి మలుపు తిరిగిందో లేదో అందరూ గంతులేశారు. హోసి తోటలో బీట్‌రూట్ ఆకులు నములుతోంది. డబ్బా గుర్తొచ్చి, గెజాని స్టూలెక్కి రేకుల మీదకి చెయ్యి చాచాడు.

ఎండకి చుర్రుమనేలా కాలిపోతున్న డబ్బాని కండువాతో పట్టుకుని మూత తీస్తే, అడుగున రాగిరంగు మైనం కరిగి ఉంది, అతిథి తూటాల్లో ఒక్కదానికీ ముక్కు లేదు.