నంద్యాలలో సుషీ

“సుషీ ఉందా?”

సర్వరు ఆదినారాయణను కింది నుంచి పైదాకా చూశాడు. మాసిన పంచె, తలకు చుట్టిన తువ్వాలు, చెప్పుల్లేని కాళ్లు. ఏసీ హాల్లోకి ఇలాంటి మనిషి వచ్చి ఇలాంటి మాట అడగడం అతనికి కొత్త.

“మెనూలో ఉంటాది పెద్దాయనా, కిచెన్లో ఉండదు. అచ్చేసేటోడు ఏసినాడంతే. బిర్యానీ చెప్పమంటావా?”

బిర్యానీ ఎవడిక్కావాలి? దానికైతే ఆళ్లగడ్డ నుంచి బండేసుకొని నంద్యాల దాకా రావాలా?

ఇది మూడో హోటలు. మొదటి దాంట్లో ఆ పేరే వినలేదన్నారు. రెండో దాంట్లో నూడుల్స్ పొట్లం కట్టి, జపాన్ వాళ్లు తినేది ఇదేనని అంటగట్టబోయారు. ఫోన్లో వెతికితే సుషీ అని వస్తుంది, తీరా పోతే ఫ్రైడ్ రైస్ ఉంటుంది. లోకమంతా అంతే. బోర్డు మీద ఒకటి, గిన్నెలో ఒకటి. అయినా సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాల్సిన ఊళ్లో పచ్చి చేపను అన్నంలో చుట్టి అమ్మేవాడు ఎందుకుంటాడు?

తప్పంతా బెంగళూరుది. కంటి ఆపరేషన్‌కని అమ్మను పంపితే, అక్కడ ఉద్యోగం చేసే కూతురు జాహ్నవి ఒక సాయంత్రం అవ్వను జపాన్ హోటలుకు తీసుకుపోయింది. ముక్క నోట్లో పెట్టుకొని కృష్ణమ్మ కళ్లు మూసుకుందట. ‘యెన్న మాదిరి కరిగిపాయనే’ అని ఊరంతా చెప్పుకుంది. అప్పటి నుంచి ఒకటే పోరు.

‘ఒరే ఆదిగా, ఇంగొక్కసారి అది తినిపీరా.’

‘చూద్దాంలేమ్మా’ అనేవాడు. శనగ కోత, ఎండిన బోరు, కోర్టు వాయిదా. చూద్దాంలేమ్మా.

ఇవాళ ఆమె ఎవరి మాటా వినేట్టు లేదు. పొద్దున నాటుకోడి వండారు. ఓళిగలు చేశారు. వేడివేడి రాగిసంగటి పెట్టారు. దేన్నీ ముట్టలేదు. ఆమె తినందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టడానికి లేదని చిన్నాయన మహానందయ్య తేల్చి చెప్పాడు. ‘ఆమె మనసంతా ఆ జపాన్ కూడు మీదనే ఉండాది’ అని ఎవరో అన్నారు. ఆ మాటతోనే బండి తీశాడు.

ఫోన్ మోగింది. భార్య నరసమ్మ.

“దొరికిందా?”

“యాడ దొరికేది? తినిందా?”

“యాడ తినేది! మిద్దె మీదనే కూచోనుండాది. కిందికి దిగేకి ల్యా. అందురూ ఆకలికి అల్లాడతాండారు. మీ చిన్నాయనకు సుగరాయె, చేతులు వణుకుతాండాయి.”

“ఇంగోసారి బతిమాలండి.”

“నేను బతిమాలితినే! నా మాట ఆమె ఎప్పుడిన్యాదని? నీ చేత్తో పెడితేనే. పొద్దు గూకేలోపల బేగా రా.”

బంకు దగ్గర సోడా తాగుతూ మళ్లీ అడిగాడు. బంకాయన బస్టాండు వైపు చేయి చూపించాడు. అక్కడ నూడుల్స్ బండి పెట్టే శాంసన్ కువైట్‌లో పెద్ద హోటలులో వంట చేసి వచ్చాడట.

శాంసన్ అప్పుడే క్యాబేజీ తరుగుతున్నాడు.

“సుషీనా! కువైట్ ఇడిసినాంక ఆ మాట ఇనడం ఇదేన్నా. క్యారెట్టు పెట్టి చుట్టిస్తాలే.”

“పచ్చి చేపే కావాల.”

“సముద్రం చేప ఈడ యాడిది? ఉండేది వెలుగోడు డ్యాం చేప. అది పచ్చిగా తినగూడదు. తినేదెవురు?”

“మాయమ్మ.”

“వయసెంత?”

“డెబ్బై దాటింది.”

శాంసన్ కత్తి కింద పెట్టేశాడు. “వద్దన్నా. ఆ వయసులో ఇది తింటే పానం పోతాది. నా మెడకు సుట్టుకుంటాది. పో, ఇంటికి పో.”

పొద్దుటి నుంచి మొదటిసారి ఆదినారాయణ నవ్వాడు.

“ఆ భయమేం లేదులే. చుట్టు.”

తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గుండు ఎండకు నున్నగా మెరిసింది.

“అహోబిలం పోయొచ్చినావా?”

“ముందు నువ్వు చుట్టప్పా.”

శాంసన్ గొణుక్కుంటూనే చేప తెప్పించి పలచగా కోశాడు. అన్నంలో వెనిగర్ చల్లాడు. పైన చుట్టే నల్లటి సముద్రపు ఆకు లేదు, తమలపాకు చుట్టాడు. చూడబోతే కిళ్లీలా ఉంది.

“దీన్ని చూస్తే జపానోడు ఉరేసుకుంటాడు,” అన్నాడు తనే.

ఆళ్లగడ్డ చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో జనం లేచి దారిచ్చారు.

“వచ్చినాడప్పా జపాన్ నుంచి,” అన్నారెవరో. నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

మహానందయ్య గోడకు చేరగిలబడి, “ఇదన్నా తింటాదారా?” అన్నాడు నీరసంగా.

ఆదినారాయణ నేరుగా పెరట్లోకి నడిచాడు. విస్తరి పరిచి, పొట్లం విప్పి, ఒక్కొక్కటే తన చేత్తో పెట్టాడు. ఒకదాని తమలపాకు ఊడిపోయింది. దాన్ని మళ్లీ చుట్టాడు. తర్వాత వెనక్కి జరిగి మిద్దె వైపు తలెత్తాడు.

“మా, నువ్వడిగిందే. ఆడిది మాదిరి ఉండదులే. బాగల్యాకుంటే తిట్టు. దిగిరామ్మా.”

పెరట్లో ఎవరూ కదల్లేదు. పొద్దు గుట్ట వెనక్కి జారుతోంది.

పిట్టగోడ మీది కాకి మెడ వంచి విస్తరి వైపు ఒక్కసారి చూసి, రెక్కలు విదిల్చుకొని, కృష్ణమ్మను పూడ్చిన చేని వైపు ఎగిరిపోయింది.